డాకర్ బిల్డ్: ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంది, అయినా ‘నాట్ ఫౌండ్’ అంటోంది

ఆటోనగర్ అబ్బాయి | శనివారం రాత్రి 8:10

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో చేస్తున్నాను. గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలకి బస్తాల స్టాక్ లెక్కలు చూపించే అప్లికేషన్ మాది. బ్యాకెండ్ పైథాన్, ఫ్రంటెండ్ రియాక్ట్. ఇన్నాళ్ళూ డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైల్) బ్యాకెండ్ ఫోల్డర్‌లోనే ఉండేది. అందులోకి వెళ్ళి ‘డాకర్ బిల్డ్ .’ అని కొడితే ఇమేజ్, అంటే అప్లికేషన్ నడవడానికి కావలసినవన్నీ కలిపిన ప్యాకేజీ, తయారయ్యేది. డెప్లాయ్‌మెంట్‌కి సంబంధించినవన్నీ ఒకచోట ఉండాలని మా లీడ్ గారు దాన్ని డెప్లాయ్ అనే కొత్త ఫోల్డర్‌లోకి మార్పించారు. ఇప్పుడు ఇలా ఉంది:

మిర్చిస్టాక్/బ్యాకెండ్/రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి
మిర్చిస్టాక్/బ్యాకెండ్/మెయిన్.పివై
మిర్చిస్టాక్/ఫ్రంటెండ్/
మిర్చిస్టాక్/డెప్లాయ్/డాకర్‌ఫైల్

డెప్లాయ్‌లోకి వెళ్ళి అదే కమాండ్ కొడితే ‘ఫెయిల్డ్ టు కంప్యూట్ క్యాష్ కీ’ అని మొదలుపెట్టి, చివర్లో "/రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి": నాట్ ఫౌండ్ అంటోంది. సరే, ఫైల్ పక్క ఫోల్డర్‌లో ఉంది కదా అని కాపీ లైన్‌లో ../బ్యాకెండ్/రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి అని రాశాను. అప్పుడూ నాట్ ఫౌండే. విచిత్రం ఏమిటంటే ఎర్రర్‌లో నేను రాసిన రెండు చుక్కలు లేవు, "/బ్యాకెండ్/రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి" అని చూపిస్తోంది. సోమవారం డెమో. కాస్త టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

పటమట పైథాన్ | 8:21

రిలేటివ్ పాత్‌లతో ఎందుకు తలనొప్పి బ్రో, సీ డ్రైవ్ నుంచి పూర్తి పాత్ ఇచ్చెయ్. నేనైతే పైథాన్‌లో ఎప్పుడూ అలాగే ఇస్తా.

ఆటోనగర్ అబ్బాయి | 8:34

ఇచ్చాను బ్రో. అదీ నాట్ ఫౌండే.

మంగళగిరి మేఘం | 8:52

పూర్తి పాత్ ఇచ్చినా రాదు తమ్ముడూ. కాపీ లైన్‌లో ఎడమవైపు నువ్వు ఏం రాసినా అది నీ కంప్యూటర్ డిస్క్‌లో వెతకదు, డాకర్‌ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనూ వెతకదు. బిల్డ్ కాంటెక్స్ట్‌లో మాత్రమే వెతుకుతుంది. కమాండ్ చివర పెడుతున్నావే చుక్క, అదే కాంటెక్స్ట్. ‘నేను ఇప్పుడున్న ఫోల్డర్‌ని బిల్డ్‌కి ఇవ్వు’ అని దానర్థం. చాలామంది ఆ చుక్కని కమాండ్‌లో ఒక అలంకారంలా అనుకుని కొట్టేస్తారు.

ఇమేజ్‌ని కట్టేది నువ్వు టైప్ చేస్తున్న ‘డాకర్’ ప్రోగ్రాం కాదు, వెనకాల నడిచే డీమన్. అది వేరే మెషీన్‌లో ఉన్నా ఉండొచ్చు. నీ సీ డ్రైవ్ ఏమిటో దానికి తెలియదు. నువ్వు ఇచ్చిన కాంటెక్స్ట్ ఒక్కటే దాని చేతికొస్తుంది, దానికి అదే రూట్. అందుకే ముందు స్లాష్ పెట్టినా అది కాంటెక్స్ట్ రూటే అవుతుంది. ../ అని పైకి వెళ్ళబోతే, రూట్‌కి పైన ఇంకేమీ లేదు కాబట్టి ఆ చుక్కల్ని తీసేసి మిగతాది వెతుకుతుంది. నీ ఎర్రర్‌లో చుక్కలు మాయమైంది అందుకే. పాత బిల్డర్ అయితే ఇంకొంచెం సూటిగా ‘ఫర్‌బిడెన్ పాత్ అవుట్‌సైడ్ ద బిల్డ్ కాంటెక్స్ట్’ అని చెప్పేది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన డాకర్ ఇంజిన్ 23 నుంచి లైనక్స్‌లో కూడా బిల్డ్‌కిట్ అనే కొత్త బిల్డరే డిఫాల్ట్ అయింది. వేగం పెరిగింది కానీ ఈ ఒక్క మెసేజ్ విషయంలో పాతదే నయం అనిపిస్తుంది నాకు.

నీకు కావలసింది ఇది. డెప్లాయ్‌లోంచి బయటికొచ్చి మిర్చిస్టాక్ ఫోల్డర్‌లో నిలబడి:

డాకర్ బిల్డ్ -ఎఫ్ డెప్లాయ్/డాకర్‌ఫైల్ .

డాకర్‌ఫైల్‌లో:

కాపీ బ్యాకెండ్/రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి ./

-ఎఫ్ అనేది డాకర్‌ఫైల్ ఎక్కడుందో చెబుతుంది, అంతే. చివరి చుక్క కాపీకి దొరికే ఫైళ్ళు ఎక్కడున్నాయో చెబుతుంది. ఈ రెండూ వేరువేరు.

బ్రాడీపేట బైట్స్ | 9:05

గుంటూరు వాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుందండీ. ఆటో ఎక్కి ‘నాలుగో లైన్’ అంటే, బ్రాడీపేటదా అరండల్‌పేటదా అని అడుగుతాడు. రెండు పేటల్లోనూ లైన్లు అంకెలతోనే. కాపీలో రాసేది లైన్ నంబరు, చివరి చుక్క పేట పేరు. మీరు లైన్ మార్చకుండా పేట మార్చేశారు.

గన్నవరం లైనక్స్ | 9:18

అసలు డాకర్‌ఫైల్‌ని కోడ్ పక్కనుంచి ఎందుకు కదిపారు? ‘అన్నీ ఒకచోట’ అని డెప్లాయ్ ఫోల్డర్ పెట్టడం చూడ్డానికి బాగుంటుంది. సర్వీసు ఒక్కటే ఉన్నప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదు, ప్రతి కమాండ్ పొడుగవడం తప్ప.

మంగళగిరి మేఘం | 9:26

రెండు సర్వీసులు కలిసి ఒక కామన్ ఫోల్డర్ వాడుకుంటుంటే పైనుంచి బిల్డ్ చేయక తప్పదు కదండీ. వాళ్ళ లీడ్ గారు ముందుచూపుతో చేసి ఉండొచ్చు. ఆ పంచాయితీ మనకెందుకు, అబ్బాయికి సోమవారం డెమో ఉంది.

ఆటోనగర్ అబ్బాయి | 9:47

అక్కా, చాలా థ్యాంక్స్. రిక్వైర్‌మెంట్స్ ఎర్రర్ పోయింది, ఇమేజ్ తయారైంది. కానీ రెండు కొత్త తంటాలు. ‘ట్రాన్స్‌ఫరింగ్ కాంటెక్స్ట్’ అనే లైన్ ఇదివరకు రెప్పపాటులో అయిపోయేది, ఇప్పుడు వందల ఎంబీలు లాగుతోంది. రెండోది, కంటైనర్ రన్ చేస్తే, అంటే ఆ ఇమేజ్‌ని నడిపిస్తే, పైథాన్ వచ్చి ‘కాంట్ ఓపెన్ ఫైల్ /యాప్/మెయిన్.పివై’ అని ఆగిపోతోంది. డాకర్‌ఫైల్‌లో వర్క్‌డిర్ /యాప్ అని ఉంది, చివర్లో ‘కాపీ . .’ ఉంది. అవి నేను ముట్టుకోలేదు.

గన్నవరం లైనక్స్ | 10:02

ముట్టుకోకపోవడమే సమస్య. ఊహించొద్దు, లోపలికెళ్ళి చూడు:

డాకర్ రన్ --ఆర్ఎం -ఐటి --ఎంట్రీపాయింట్ ఎస్‌హెచ్ మిర్చిస్టాక్
ఎల్ఎస్ -ఎల్ఎ /యాప్

ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు.

ఆటోనగర్ అబ్బాయి | 10:09

బ్యాకెండ్, ఫ్రంటెండ్, డెప్లాయ్ మూడు ఫోల్డర్లూ ఉన్నాయండీ. రిక్వైర్‌మెంట్స్ ఒకటి విడిగా ఉంది. పాస్‌వర్డులు ఉండే డాట్ ఈఎన్‌వి ఫైల్ కూడా లోపలికి వచ్చేసింది.

గన్నవరం లైనక్స్ | 10:15

అదీ సంగతి. కాంటెక్స్ట్ ఇప్పుడు మొత్తం మిర్చిస్టాక్. ‘కాపీ . .’ అంటే మొత్తం మిర్చిస్టాక్‌ని /యాప్‌లో పోశావు. మెయిన్ ఫైల్ /యాప్/బ్యాకెండ్‌లో కూర్చుంది, కంటైనర్ లేవగానే ఏం నడపాలో చెప్పే నీ సిఎండి లైన్ దాన్ని /యాప్‌లో వెతుకుతోంది. ఆ లైన్ తీసేసి ఇది పెట్టు:

కాపీ బ్యాకెండ్/ ./

ఇక్కడ లైనక్స్ సిపి కమాండ్ అలవాటున్నవాళ్ళు పొరబడతారు. డాకర్ కాపీకి ఫోల్డర్ ఇస్తే ఫోల్డర్ రాదు, అందులో ఉన్నవి మాత్రమే వస్తాయి. బ్యాకెండ్ అనే పేరుతోనే ఫోల్డర్ కావాలంటే కుడివైపు ./బ్యాకెండ్/ అని నువ్వే రాయాలి. నీకు ఇప్పుడు అక్కర్లేదు.

మంగళగిరి మేఘం | 10:24

బరువు సంగతి కూడా అదే. ఫ్రంటెండ్‌లోని నోడ్_మాడ్యూల్స్ అంతా లాగుతోంది. బ్యాకెండ్‌లో నీకు .డాకర్‌ఇగ్నోర్ (బిల్డ్‌కి పంపొద్దన్న ఫైళ్ళ జాబితా) ఉండి ఉంటుంది, అది ఇక పనిచేయదు. ఆ ఫైల్‌ని కాంటెక్స్ట్ రూట్‌లోనే చూస్తుంది. దాన్ని పైకి తెచ్చి మిర్చిస్టాక్‌లో పెట్టు. లేదంటే డాకర్‌ఫైల్ పక్కనే డాకర్‌ఫైల్.డాకర్‌ఇగ్నోర్ అనే పేరుతో పెట్టినా బిల్డ్‌కిట్ తీసుకుంటుంది. రెండూ ఉంటే ఈ రెండోదే చెల్లుతుంది.

పైకి తెచ్చేటప్పుడు లోపలి లైన్లు మార్చాలి. గిట్‌ఇగ్నోర్‌లో నోడ్_మాడ్యూల్స్ అని రాస్తే ఎంత లోతులో ఉన్నా పట్టుకుంటుంది. డాకర్‌ఇగ్నోర్‌లో అలా కాదు, రూట్‌లో ఉన్నదాన్నే పట్టుకుంటుంది. **/నోడ్_మాడ్యూల్స్ అని రాయాలి. డాట్ ఈఎన్‌వికీ అంతే, **/.ఈఎన్‌వి. పాస్‌వర్డులతో సహా ఇమేజ్‌లోకి వెళ్ళి రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే సర్వర్‌లో) కూర్చుంటే డెమో కన్నా పెద్ద టెన్షన్ అది. ఇప్పటికే ఎక్కడికైనా పుష్ చేసి ఉంటే ఆ పాస్‌వర్డులు మార్చేయ్. తర్వాతి లేయర్‌లో ఆర్ఎం కొట్టినా పాత లేయర్‌లో అలాగే ఉంటాయి.

ఒక హెచ్చరిక కూడా. ఫైల్ డిస్క్ మీద ఉంది, పాత్ కరెక్టే, అయినా నాట్ ఫౌండ్ వస్తోందంటే ముందు డాకర్‌ఇగ్నోర్ తెరిచి చూడండి. అందులో పేరున్న ఫైల్ బిల్డ్ దృష్టిలో లేనట్టే. *.టిఎక్స్‌టి అని ఎవరో రాసి పెట్టిన ప్రాజెక్టు ఒకటి చూశాను, రిక్వైర్‌మెంట్స్ దానికే బలి.

పటమట పైథాన్ | 10:40

అక్కా, బిల్డ్‌కి అసలు ఏం చేరుతోందో చూసే దారి ఉందా? ఇమేజ్ తయారవకుండా ఆగిపోతే లోపలికెళ్ళి ఎల్ఎస్ కొట్టడం కుదరదు కదా.

మంగళగిరి మేఘం | 10:51

మంచి ప్రశ్న. చూద్దాం.డాకర్‌ఫైల్ అని ఒక తాత్కాలిక ఫైల్ రాసుకో:

ఫ్రమ్ బిజీబాక్స్
కాపీ . /చూద్దాం
రన్ ఫైండ్ /చూద్దాం -మాక్స్‌డెప్త్ 2

బిల్డ్ చేసేటప్పుడు --ప్రోగ్రెస్=ప్లెయిన్, --నో-క్యాష్ రెండూ ఇవ్వు. మొదటిది లేకపోతే రన్ లైన్ అవుట్‌పుట్‌ని బిల్డ్‌కిట్ మడిచి దాచేస్తుంది, రెండోది లేకపోతే రెండోసారి ఆ లైన్ నడవనే నడవదు. డాకర్‌ఇగ్నోర్ దాటి లోపలికొచ్చినవన్నీ వరసగా కనపడతాయి.

దీనికన్నా ముందు ఇంకో గుర్తు ఉంది. ‘ట్రాన్స్‌ఫరింగ్ కాంటెక్స్ట్: 2బి’ అని రెండే రెండు బైట్లు చూపించి నాట్ ఫౌండ్ అన్నదంటే, అడిగిన ఫైల్ కాంటెక్స్ట్‌లో ఏమీ దొరకలేదని అర్థం. బిల్డ్‌కిట్ మొత్తం ఫోల్డర్ పంపదు, కాపీ లైన్లకి కావలసినవే పంపుతుంది. చాలాసార్లు ఆ ఒక్క లైన్ చూస్తేనే తప్పు ఫోల్డర్‌లో నిలబడ్డామని తెలిసిపోతుంది.

పటమట పైథాన్ | 11:03

నాదొకటి చెప్పొచ్చా? టాపిక్ దగ్గరిదే. కాలేజీ ప్రాజెక్టు, విండోస్ ల్యాప్‌టాప్. బిల్డ్ చక్కగా అవుతుంది. రన్ చేస్తే ‘ఎగ్జెక్ /యాప్/ఎంట్రీపాయింట్.ఎస్‌హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. గన్నవరం అన్న చెప్పినట్టు లోపలికెళ్ళి ఎల్ఎస్ కొట్టాను. ఫైల్ ఉంది! ఎగ్జిక్యూట్ పర్మిషన్ కూడా ఉంది.

గన్నవరం లైనక్స్ | 11:10

ఉన్న ఫైల్‌ని లేదంటోందంటే అది వెతుకుతున్నది ఆ ఫైల్‌ని కాదు. స్క్రిప్ట్ మొదటి లైన్‌లో #!/బిన్/ఎస్‌హెచ్ ఉంటుంది కదా, ఆ ప్రోగ్రాంని వెతుకుతోంది. విండోస్ ఎడిటర్ ప్రతి లైన్ చివరా కనపడని క్యారేజ్ రిటర్న్ ఒకటి తగిలించింది. దాంతో లైనక్స్‌కి ఆ ప్రోగ్రాం పేరు ‘ఎస్‌హెచ్’ అని కాకుండా తోక ఉన్న ‘ఎస్‌హెచ్’ అని కనపడుతుంది. అలాంటిది ఎక్కడా లేదు.

క్యాట్ -ఏ ఎంట్రీపాయింట్.ఎస్‌హెచ్ అని కొట్టు. లైన్ల చివర డాలర్ గుర్తు ముందు ^ఎమ్ ఉంటే ఇదే రోగం.

పటమట పైథాన్ | 11:16

ప్రతి లైన్‌కీ ఉంది అన్నా.

గన్నవరం లైనక్స్ | 11:24

ఎడిటర్‌లో సిఆర్ఎల్ఎఫ్ అని ఉన్నచోట నొక్కి ఎల్ఎఫ్ చేసి సేవ్ చెయ్. మళ్ళీ రాకుండా రిపోలో .గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్ పెట్టి ‘*.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఇఓఎల్=ఎల్ఎఫ్’ అని ఒక లైన్ రాయి. లేకపోతే విండోస్‌లో గిట్ ఆటోసిఆర్ఎల్ఎఫ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే క్లోన్ చేసిన ప్రతి ల్యాప్‌టాప్‌లో ఇదే మొదలవుతుంది.

ఇదే ఎర్రర్ స్క్రిప్ట్ కాని మామూలు బైనరీకి వస్తే కారణం వేరు. ఉబుంటులో కంపైల్ చేసిన బైనరీని ఆల్పైన్ ఇమేజ్‌లో పెడితే, అక్కడ జిలిబ్‌సి అనే సి లైబ్రరీ ఉండదు, దాని బదులు మజిల్ ఉంటుంది. బైనరీ అడిగే లోడర్ ఆ పాత్‌లో దొరకదు. అప్పుడూ ఇదే నో సచ్ ఫైల్.

బ్రాడీపేట బైట్స్ | 11:35

విండోస్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఫైల్ పేరు పెద్ద ఆర్‌తో మొదలవుతుంది, డాకర్‌ఫైల్‌లో చిన్న ఆర్ రాసుంటారు. విండోస్‌లో రెండూ ఒకటే కాబట్టి ఎవరికీ పట్టదు. అదే కోడ్ లైనక్స్ సర్వర్‌లో బిల్డ్‌కి వెళ్ళగానే నాట్ ఫౌండ్. పేరు మార్చి కమిట్ చేద్దామంటే విండోస్‌లో గిట్‌కి ఆ మార్పు కనపడదు. ‘గిట్ ఎమ్‌వి’తోనే మార్చాలి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసి డాకర్‌ఫైల్.టిఎక్స్‌టి అయిపోయిన కేసులు సరేసరి, ఎక్స్‌టెన్షన్లు దాచే సెట్టింగ్ తీసేస్తే గానీ కనపడవు.

తెనాలి జావా | ఆదివారం ఉదయం 7:40

రాత్రి చూడలేదు, పొద్దున్నే మొత్తం చదివాను. జావా వాళ్ళ గోడు కూడా వినండి. రెండు స్టేజీల డాకర్‌ఫైల్. మొదటి స్టేజ్‌లో వర్క్‌డిర్ /యాప్, గ్రేడిల్ బిల్డ్ సక్సెస్. రెండో స్టేజ్‌లో:

కాపీ --ఫ్రమ్=బిల్డ్ బిల్డ్/లిబ్స్/*.జార్ యాప్.జార్

నాట్ ఫౌండ్ తరహా ఎర్రరే. కాంటెక్స్ట్ మార్చి చూశాను, తేడా లేదు.

మంగళగిరి మేఘం | 8:15

--ఫ్రమ్ పెట్టాక కాంటెక్స్ట్‌తో సంబంధం లేదండీ. ఆ స్టేజ్ ఫైల్‌సిస్టమ్‌లో వెతుకుతుంది, అదీ దాని రూట్ నుంచి. ఆ స్టేజ్ వర్క్‌డిర్‌ని పట్టించుకోదు. /యాప్/బిల్డ్/లిబ్స్/ అని పూర్తిగా రాయండి. రాశాక ఇంకో ఎర్రర్ రావొచ్చు, ఒకటికన్నా ఎక్కువ ఫైళ్ళు ఉన్నప్పుడు గమ్యం ఫోల్డర్ అయి ఉండాలి, చివర స్లాష్ ఉండాలి అని. స్ప్రింగ్ బూట్ 2.5 నుంచి గ్రేడిల్‌లో మామూలు జార్‌తో పాటు -ప్లెయిన్.జార్ అని ఇంకోటి కూడా తయారవుతుంది. మీ నక్షత్రం గుర్తు రెండింటినీ పట్టుకుంటుంది.

తెనాలి జావా | 8:32

అక్షరాలా అదే వచ్చింది! బిల్డ్ ఫైల్‌లో జార్ టాస్క్‌ని ఎనేబుల్డ్ ఫాల్స్ చేశాను, ప్లెయిన్ పోయింది, ఇమేజ్ వచ్చింది. రియాక్ట్ చేసే మా తమ్ముడికీ ఇదే గొడవ, వాడు వీట్ అనే బిల్డ్ టూల్‌కి మారాడు. అది డిస్ట్ ఫోల్డర్‌లో పెడుతుంది, డాకర్‌ఫైల్‌లో ఇంకా పాత బిల్డ్ ఫోల్డర్ పేరే ఉంది.

ఆటోనగర్ అబ్బాయి | 11:05

మళ్ళీ నేనే. విడిగా ‘డాకర్ రన్’ చేస్తే బ్రహ్మాండంగా నడుస్తోంది, బస్తాల పేజీ కూడా వచ్చింది. డెప్లాయ్‌లో కంపోజ్ ఫైల్ (కంటైనర్లని ఎలా కట్టి లేపాలో రాసేది) కూడా ఉంది, దానితో లేపితే ముందు డాకర్‌ఫైల్ దొరకలేదంది. కాంటెక్స్ట్: .. అని, డాకర్‌ఫైల్: ./డాకర్‌ఫైల్ అని పెట్టాను. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా?

పటమట పైథాన్ | 11:12

నిన్న అక్క పైకి వెళ్ళడం కుదరదు అన్నారు, ఇక్కడ రెండు చుక్కలు ఎలా పనిచేస్తాయి?

మంగళగిరి మేఘం | 11:30

ఇద్దరికీ ఒకే జవాబు. ఏ ఫోల్డర్‌ని కాంటెక్స్ట్‌గా ఇవ్వాలో ఎంచుకునేది నీ మెషీన్‌లో. అక్కడ పైకి, కిందికి, పక్కకి ఎటైనా వెళ్ళొచ్చు. కంపోజ్‌లో ఆ పాత్‌ని కంపోజ్ ఫైల్ ఉన్నచోటు నుంచి లెక్కేస్తుంది, కాబట్టి .. కరెక్టే, మిర్చిస్టాక్ అయింది. ఎంచుకున్నాక, డాకర్‌ఫైల్ లోపలి కాపీ లైన్లు మాత్రం దాన్ని దాటి వెళ్ళలేవు.

డాకర్‌ఫైల్ అనే వరసలో రాసే పాత్‌ని కంపోజ్ కాంటెక్స్ట్ నుంచి చూస్తుంది. కాబట్టి డెప్లాయ్/డాకర్‌ఫైల్ అని రాయాలి. కమాండ్ లైన్‌లో -ఎఫ్ అయితే నువ్వు నిలబడ్డ ఫోల్డర్ నుంచి. రెండూ ఒకేలా ఉండాల్సింది, లేవు. ఇది గుర్తుపెట్టుకోవడం తప్ప దారి లేదు.

ఆటోనగర్ అబ్బాయి | 11:48

బిల్డ్ అయింది అక్కా. కానీ కంపోజ్‌తో లేపితే మళ్ళీ /యాప్/మెయిన్.పివై లేదంటోంది! అదే ఇమేజ్, విడిగా రన్ చేస్తే ఉంది.

గన్నవరం లైనక్స్ | 11:55

కంపోజ్ ఫైల్‌లో వాల్యూమ్స్ కింద ఏముంది?

ఆటోనగర్ అబ్బాయి | 11:58

..:/యాప్ అని ఉందండీ. కోడ్ మారిస్తే వెంటనే కనపడాలని పెట్టుకున్నాం. ఇదివరకు కంపోజ్ కూడా బ్యాకెండ్‌లోనే ఉండేది, అప్పుడు .:/యాప్. ఫోల్డర్ మారిందని ఇంకో చుక్క చేర్చాను.

గన్నవరం లైనక్స్ | మధ్యాహ్నం 12:06

ఇమేజ్‌లో /యాప్ సరిగ్గానే ఉంది. దాని మీద నీ మిర్చిస్టాక్ ఫోల్డర్‌ని తెచ్చి కప్పేశావు. కప్పాక కింద ఉన్నది కనపడదు. ../బ్యాకెండ్:/యాప్ అని మార్చు. డెమో సర్వర్‌లో అయితే ఆ వరస పూర్తిగా తీసెయ్, అక్కడ ఇమేజ్‌లో ఉన్న కోడే నడవాలి.

ఆటోనగర్ అబ్బాయి | 12:19

నడిచింది! డెమో సర్వర్ కోసం వాల్యూమ్ లేకుండా వేరే కంపోజ్ ఫైల్ పెట్టేశాను. అందరికీ థ్యాంక్స్. ఒక్క సందేహం. మా సర్వర్ బిల్డ్ గిట్‌హబ్ యాక్షన్స్‌లో జరుగుతుంది. అక్కడ ముందు స్టెప్‌లో ఒక వెర్షన్ ఫైల్ తయారుచేసి ఇమేజ్‌లో పెట్టాలని లీడ్ గారి కోరిక. దానికీ ఇదే పద్ధతా?

మంగళగిరి మేఘం | 12:37

అక్కడ ఒక మెలిక ఉంది. డాకర్ వాళ్ళ బిల్డ్-పుష్ యాక్షన్‌కి కాంటెక్స్ట్ చెప్పకపోతే అది నేరుగా గిట్ నుంచి కోడ్ తెచ్చుకుంటుంది. ముందు స్టెప్‌లో నువ్వు తయారుచేసిన ఫైల్ గిట్‌లో లేదు కాబట్టి దానికి కనపడదు. ముందు చెకౌట్ స్టెప్ పెట్టి, యాక్షన్‌లో కాంటెక్స్ట్: . అని, ఫైల్: డెప్లాయ్/డాకర్‌ఫైల్ అని రెండూ రాయి. వెర్షన్ ఫైల్‌ని బ్యాకెండ్ ఫోల్డర్‌లోనే పుట్టించు, కాపీ బ్యాకెండ్/ ./ దాన్ని కూడా తీసుకుపోతుంది. డాకర్‌ఇగ్నోర్‌లో దాని పేరు లేకుండా చూసుకో.

బ్రాడీపేట బైట్స్ | 12:50

ఒకవేళ రేపు ఆ కామన్ ఫోల్డర్ వేరే రిపోలోకి వెళ్ళిపోతే, కాంటెక్స్ట్‌ని ఇంకా పైకి జరుపుకుంటూ పోకండి. --బిల్డ్-కాంటెక్స్ట్ కామన్=../కామన్ అని రెండో కాంటెక్స్ట్ ఇచ్చి, డాకర్‌ఫైల్‌లో కాపీ --ఫ్రమ్=కామన్ అని తీసుకోవచ్చు. 2022 నుంచి బిల్డ్‌ఎక్స్‌లో ఉంది. సిమ్‌లింక్ పెట్టి తప్పించుకుందామని చూడకండి, కాంటెక్స్ట్ బయటికి చూపే లింకుని కాపీ అనుసరించదు.

ఆటోనగర్ అబ్బాయి | సాయంత్రం 4:10

యాక్షన్స్‌లో కూడా బిల్డ్ పాస్ అయింది, వెర్షన్ ఫైల్ ఇమేజ్‌లో ఉంది. డాట్ ఈఎన్‌వి లేదని ఎల్ఎస్ కొట్టి మరీ చూసుకున్నాను. పాత ఇమేజ్ రిజిస్ట్రీలో ఉంది కాబట్టి డేటాబేస్ పాస్‌వర్డ్ మార్పించాను.

నిర్వాహకులు | 4:45

సమస్య తీరినట్టుగా గుర్తు పెడుతున్నాం. పటమట పైథాన్ గారి ఎంట్రీపాయింట్ ప్రశ్నని, తెనాలి జావా గారి జార్ ప్రశ్నని విడి చర్చలుగా మారుస్తున్నాం, వెతికేవాళ్ళకి సులువుగా ఉంటుంది.

గన్నవరం లైనక్స్ | 5:02

విడదీసేటప్పుడు క్యాట్ -ఏ పోస్టు పోగొట్టకండి. దాన్ని వారానికొకరికి చెప్పాల్సి వస్తోంది.